చెన్నై ఎండకి సన్‌స్క్రీన్ తప్పనిసరా? సున్నిపిండి, గొడుగు చాలవా?

మడిపాక్కం గుంటూరమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, పెళ్లయ్యాక మడిపాక్కం వచ్చాను. రోజూ స్కూటీ మీద షోలింగనల్లూరు ఆఫీసుకి వెళ్లొస్తాను. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ఇంట్లో ఒక మాట, ఆఫీసులో ఇంకో మాట. వారానికో తలంటు, సున్నిపిండి, బయటికెళ్తే గొడుగు, ఇంతకుమించి ఒంటికి ఏమీ అక్కర్లేదని అత్తయ్య అంటారు. ఆఫీసులో మాత్రం సన్‌స్క్రీన్ రాసుకోకుండా గడప దాటావా అని నిలదీస్తారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. గుంటూరు ఎండ మాడుస్తుంది, చెన్నై ఎండ ఉడకబెడుతుంది. ఈ ఉక్కలో ఏ క్రీము రాసినా పళ్లికరణై దాటేసరికి చెమటతో కలిసి కళ్లలోకి దిగి మంట పుట్టిస్తోంది. హెల్మెట్ లోపల సంగతి చెప్పక్కర్లేదు. సన్‌స్క్రీన్ తెల్ల చర్మం వాళ్ల అవసరం కోసం వచ్చిన వస్తువనీ, మన రంగు వాళ్లకి కంపెనీలు అంటగడుతున్నాయనీ నాకు గట్టి అనుమానం. కాదనేవాళ్లు బ్రాండు పేర్లు కాకుండా కారణాలు చెప్పండి.

మైలాపూర్ పిన్ని:
బాగా అడిగావు తల్లీ. మీ అత్తగారి మాట విను. పెసలు, శెనగపప్పు, బావంచాలు, కచ్చూరాలు, వట్టివేరు, ఎండిన గులాబి రేకులు, కాస్త కస్తూరి పసుపు. అన్నీ ఎండబెట్టి పిండిమరలో ఆడించుకుంటే ఎండాకాలమంతా వస్తుంది. మైలాపూర్‌లో నాటు మందుల కొట్టుకి వెళ్తే అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మాడుకీ ఒంటికీ పట్టించి, అరగంట ఆగి సున్నిపిండితో నలుచుకుని, తలకి కుంకుడుకాయ రసం పోసుకో. ఆ రోజు కళ్ల మంటలు పోతాయి, రాత్రి ఒళ్లు తెలియని నిద్ర పడుతుంది. ఇక్కడి తమిళులు కూడా ఆడవాళ్లకి మంగళ, శుక్రవారాలు, మగవాళ్లకి బుధ, శనివారాలు అని పెట్టుకుని ఇప్పటికీ పాటిస్తారు. ఇన్ని తరాల వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు కదా.

ఓఎంఆర్ తమ్ముడు:
పిన్నిగారూ, మీ మీద గౌరవం ఉంచుకునే కాదంటున్నాను. సున్నిపిండి కడిగేసుకునే వస్తువు. కడిగాక ఒంటి మీద ఏం మిగులుతుంది, ఎండని ఏం ఆపుతుంది?

అక్కా, వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. ఆ కిరణాల తీవ్రతకి యూవీ ఇండెక్స్ అని ఒక కొలత ఉంది. అది 3కి చేరగానే జాగ్రత్త పడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. 11కి చేరితే అత్యంత తీవ్రం కింద లెక్క. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో చెన్నైలో ఆ స్థాయి మామూలే. సముద్రపు గాలి తిరగ్గానే చల్లబడిందనుకుని బీచిలో కూర్చుంటాం. గాలి చల్లబరిచేది ఒంటిని మాత్రమే, కిరణాలు తగ్గవు. చెమటకి కారిపోతోందని మానెయ్యకండి. జెల్ రకం దొరుకుతుంది, చెమటకి నిలిచేది దొరుకుతుంది. కళ్ల చుట్టూ రాయకుండా చలువ కళ్లద్దాలు పెట్టుకోండి.

వడపళని డాక్టరమ్మ:
నేను చర్మవైద్యురాలిని. మీరంతా పోటీయే లేని రెండింటికి పోటీ పెట్టారు. సున్నిపిండి మురికి తీస్తుంది, సన్‌స్క్రీన్ ఎండని అడ్డుకుంటుంది. ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. నువ్వుల నూనె ఎండని ఆపేది కూడా అతి స్వల్పం, దాని మీద ఆధారపడొద్దు.

మన చామనఛాయకి కారణమైన మెలనిన్ అనే రంగు పదార్థం కొంత కాపాడుతుంది. చర్మ క్యాన్సర్ తెల్లవాళ్లతో పోలిస్తే మనకి చాలా తక్కువ. ఆ భయం పెట్టి సన్‌స్క్రీన్ అమ్మితే నేనూ ఒప్పుకోను. కానీ అదే మెలనిన్ వల్ల మంగు మచ్చలూ, మొటిమ మానాక మిగిలే నల్లమచ్చలూ మనకే ఎక్కువ. బుగ్గల మీద మంగుతో వచ్చే ఆడవాళ్లని రోజూ చూస్తాను. దానికి కంటికి కనబడే వెలుగు కూడా కారణమే. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుగుని పెద్దగా ఆపదు, ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ అయితే ఆపుతుంది. మంగు ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, అంగట్లో ఎవరూ చెప్పరు.

ట్యూబు మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకె యూవీబీ, అంటే చర్మాన్ని కందించే కిరణాల్ని ఎంత ఆపుతుందో చెప్తుంది. ఎస్‌పీఎఫ్ 15 అంటే వాటిలో 93 శాతం దాకా ఆగుతాయి, 30 అయితే 97, 50 అయితే 98. కాబట్టి 50, 70 అని ఎగబాకి డబ్బు తగలెయ్యకండి. యూవీఏ, అంటే చర్మం లోతుకి దిగే కిరణాల కోసం ట్యూబు మీద పీఏ అనే గుర్తు పక్కన ఎన్ని ప్లస్సులున్నాయో చూడండి, ఎక్కువుంటే మేలు. పైగా ఈ లెక్కలన్నీ చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తేనే. జనం రాసుకునేది అందులో సగమో పావో. బఠాణీ గింజంత రాసి ఎస్‌పీఎఫ్ 50 ఉంది కదా అనుకుంటే ఆ రక్షణ రాదు. చూపుడువేలు, నడిమివేలు పొడుగునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

పిన్నిగారూ, మీ సున్నిపిండిలో ఒక్కదాని గురించి చెప్పాలి. బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది. చర్మం మీద ఎండ ప్రభావాన్ని ఎక్కువ చేసే పదార్థం అది. బొల్లికి సొరాలెన్ పూసి లెక్క ప్రకారం యూవీ వెలుగు చూపించే చికిత్స ఉన్నదే అందుకు. పొద్దున్నే బావంచాల పిండి రుద్దుకుని ఎండలోకి వెళ్లడం మంచిది కాదు. నిమ్మచెక్కతో ముఖం రుద్దుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు, ఆ తర్వాత నెలల తరబడి పోని నల్లమచ్చలు వస్తున్నాయన్నా ఆ జాతి పదార్థాల వల్లే. నిమ్మకాయ మజ్జిగలో పిండుకోండి, ముఖం మీద వద్దు.

మైలాపూర్ పిన్ని:
డాక్టరమ్మా, బావంచాల మాట తీసిపారెయ్యను. కానీ మా ఇళ్లల్లో నలుగు పెట్టుకున్న పూట ఎండలోకి వెళ్లే అలవాటే లేదు. తలంటు రోజు ఎండ తగలకూడదు, చల్లటివి తినకూడదు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. నేను సాయంత్రం దీపాలవేళకి ముందు పోసుకుంటాను. పద్ధతిలో సగం తీసుకుని సగం వదిలేస్తే తప్పు పద్ధతిది కాదు.

మీ లెక్క మీకే చెప్తాను. రెండు వేళ్ల పొడుగంటే ఓసారికి గ్రాము పైనే. రోజుకి మూడుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు పదిహేను రోజుల్లో ఖాళీ. ఇంట్లో నలుగురుంటే నెలకి ఎనిమిది ట్యూబులు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి రెండు బస్సులు మారి వస్తుంది, ఒంటిగంట ఎండలో తిరిగి వెళ్తుంది. ఆ పిల్లకి సన్‌స్క్రీన్ కొనుక్కోమని చెప్తారా? నల్ల గొడుగు ఒకటి కొనిస్తే ఏళ్ల తరబడి వస్తుంది. అందరికీ అందేదే అలవాటు అవుతుంది, కొందరికే అందేది సోకు.

అంబత్తూరు నెల్లూరాయన:
మీ చర్చ అంతా ముఖం దగ్గరే ఆగిపోయింది. మాది ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో రేకుల షెడ్డు. ఏప్రిల్ వచ్చిందంటే మా వాళ్లలో సగం మందికి వీపంతా చెమటకాయలు, గజ్జల్లో, నడుము చుట్టూ గుండ్రంగా తామర. రాత్రి గోక్కోకుండా పడుకుంటే అదే మాకు అందం. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇస్తారు. వారంలో మాయమవుతుంది, ఆపగానే రెట్టింపు చోట లేస్తుంది. దాని గురించి చెప్పండి డాక్టర్ గారూ.

వడపళని డాక్టరమ్మ:
మంచి ప్రశ్న వేశారు. ఆ ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. అది దురదనీ ఎరుపునీ అణుస్తుంది, లోపల తామరకి కారణమైన బూజు (ఫంగస్) పెరుగుతూనే ఉంటుంది. మందుకి లొంగని తామర దేశమంతా ఇంతగా వ్యాపించడానికి ఇదొక పెద్ద కారణం. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా అమ్ముతున్నారు. తెల్లబడాలని ముఖానికి ఇవే రాసుకుని చర్మం పల్చబడి, ఎండ తగిలితే కందిపోయి ఏడుస్తూ వచ్చే ఆడపిల్లలు కూడా ఉన్నారు. తెల్లబరిచే క్రీముల మోజులోంచి బయటపడితే సగం జబ్బులుండవు.

తామరకి బిగుతు జీన్సు మానండి. తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వాళ్లకి వేరుగా ఉండాలి. ఉతికి మంచి ఎండలో ఆరెయ్యండి. స్నానం అయ్యాక గజ్జల్లో, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకోండి. మందు డాక్టరు చెప్పినన్ని వారాలు వాడాలి, తగ్గిందని మధ్యలో ఆపకూడదు. చెమటకాయలంటే చెమట గొట్టాలు మూసుకుపోవడం. వాటి మీద నూనె, మందపాటి క్రీము రాస్తే ఇంకా మూసుకుంటాయి. చల్లటి నీళ్లు, గాలి, వదులైన నూలుబట్ట, అవసరమైతే కాలమైన్.

నూనె గురించి కూడా చెప్పేస్తాను. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి దాన్ని కాపాడుతుంది. కానీ చుండ్రుకి కారణమైన బూజు మాడు మీది కొవ్వుల్ని తిని బతికేదే. చుండ్రు ఉన్నవాళ్లు రాత్రంతా నూనె పెట్టుకుని పడుకోవద్దు. మొటిమలున్న పిల్లలు నుదుటికి జారనివ్వొద్దు.

విల్లివాక్కం మాస్టారు:
ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. గొడుగా క్రీమా అని కొట్టుకుంటున్నారు గానీ గడియారం సంగతి ఎవరూ ఎత్తలేదు.

చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంది. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. కత్తిరి ఎండలు మే నెలలో మొదలవుతాయని జనం అప్పటికి మేలుకుంటారు. కిరణాల తీవ్రత మార్చిలోనే అందుకుంటుంది, ఆగస్టు దాటేదాకా తగ్గదు. రోజులో కిరణాల గరిష్ఠం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకి. వేడి మాత్రం సముద్రపు గాలి చేతిలో ఉంటుంది. గాలి మధ్యాహ్నానికే తిరిగితే ఊరు బతుకుతుంది. పడమటి గాలి దాన్ని అడ్డుకున్న రోజు ఊరు ఉడికిపోతుంది. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది.

పిల్లలకి చెప్పే కొలత మీకూ చెప్తాను. నీ నీడ నీకన్నా పొడుగ్గా ఉంటే సూర్యుడు 45 డిగ్రీల కంటే కింద ఉన్నట్టు, కిరణాలు బలహీనం. నీడ నీకన్నా పొట్టిదైతే చెట్టు కిందకో చూరు కిందకో నడువు. ఎండాకాలంలో ఇక్కడ ఉదయం సుమారు తొమ్మిదింటికి నీడ, మనిషి సమానమవుతారు. వాకింగు ఏడున్నరకి ముగించండి.

ఇంకో మాట. ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, ఆరడం. ఈ తేమలో చెమట ఆరదు. అందుకే గుంటూరు 42 కంటే చెన్నై 38 భరించలేమనిపిస్తుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, రాగి అంబలి, తాటిముంజలు వాడండి. నన్నారి షర్బతులో పంచదార పాకం ఎక్కువ, షుగరున్నవాళ్లు లెక్క చూసుకోండి. వాంతులు, విరేచనాలైతే మాత్రం అసలైన ఓఆర్‌ఎస్ పొడి, చెప్పినన్ని నీళ్లలోనే కలపండి.

పనిమనిషి గురించి పిన్నిగారు అడిగిన ప్రశ్నకి క్రీము ఎటూ జవాబు కాదు, గొడుగు కూడా సగం జవాబే. బస్టాపులకి స్టీలు రేకులు కప్పి, కింద నిలబడినవాళ్లని కాలుస్తున్నాం. 2024లో తమిళనాడు ప్రభుత్వం వడగాడ్పుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. విపత్తని ఒప్పుకున్నాక ప్రతి స్టాపుకీ నీడ, నీళ్లు అడిగే హక్కు మనకుంది. వార్డు కౌన్సిలర్ని అడగండి, నేను అడుగుతున్నాను.

మడిపాక్కం గుంటూరమ్మాయి:
మాస్టారి నీడ కొలత నాకు బాగా పనికొచ్చింది. నేను బండి తీసేది ఎనిమిదింటికి, నీడ నాకన్నా పొడుగే. తిరిగొచ్చేది ఆరింటికి. పగలంతా ఆఫీసులోనే. అంటే వారంలో ఐదు రోజులు నాకు సన్‌స్క్రీన్ అక్కర్లేదనే నా వాదన నిలబడింది. నిండు చేతుల కాటన్ జాకెట్టు, ముఖానికి చున్నీ చాలు. శనివారం మధ్యాహ్నం టీ నగర్‌లో రంగనాథన్ వీధికి వెళ్తే అప్పుడు రాసుకుంటాను.

ఓఎంఆర్ తమ్ముడు:
అక్కా, అక్కడే ఒప్పుకోను. యూవీఏ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటుంది, మామూలు కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది. మీ సీటు అద్దాల పక్కన ఉంటే?

వడపళని డాక్టరమ్మ:
మంగు ఉంటే తమ్ముడి మాట, లేకపోతే గుంటూరమ్మాయి మాట. చున్నీ మాత్రం నేత చిక్కగా, ముదురు రంగుది ఎంచుకోండి. పల్చటి తెల్ల నూలు చెమటకి తడిస్తే కిరణాలు ఇంకా ఎక్కువ దూరిపోతాయి.

మడిపాక్కం గుంటూరమ్మాయి:
నా సీటు లిఫ్టు పక్కన తమ్ముడూ, కిటికీ లేదు. పిన్నిగారూ, బావంచాలు లేకుండా కొలతలు రాస్తారా? అత్తయ్యకి చూపిస్తాను.

మైలాపూర్ పిన్ని:
రాసుకో. పెసలు కిలో, శెనగపప్పు పావుకిలో, కచ్చూరాలు వంద గ్రాములు, వట్టివేరు, గులాబి రేకులు చెరో యాభై, కస్తూరి పసుపు పాతిక. వట్టివేరుని సన్నగా కత్తిరించి ఎండబెట్టు, లేకపోతే మరలో చుట్టుకుపోతుంది. ఆడించాక పల్చటి బట్టలో జల్లించు. నేను మాత్రం బావంచాలు మాననమ్మా, సాయంత్రం పూటే వాడతాను కాబట్టి.