అప్‌డేట్: మూడు ముక్కల్లో ఒకటి అసలు గ్రానైటే కాదు

గులాబీ, బూడిద, నలుపు రంగుల్లో మూడు గ్రానైట్ ముక్కలున్నాయి, తేడా రంగులోనేనా, ఖనిజాల్లో కూడా ఉందా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే పాలిష్ వైపు వదిలేసి, విరిగిన అంచుని తడిపి లెన్సుతో చూశాను.

గులాబీది తేలిగ్గానే తేలిపోయింది. ఆ రంగంతా పొటాషియం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానిది. ముక్కని అటూ ఇటూ తిప్పుతుంటే దాని చదునైన ముఖాలు ఒక్కసారిగా తళుక్కుమంటాయి. మధ్యలో క్వార్ట్జ్ మాత్రం గాజుపెంకులా ఉంది, ఎటు తిప్పినా చదును లేదు. నల్ల చుక్కలు బయోటైట్, అంటే నల్ల అభ్రకం. సూదితో గీరితే పొరలుగా లేచొచ్చింది.

బూడిద ముక్క దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. తెల్ల గింజల మీద దువ్వెనతో గీసినట్టు సన్నని సమాంతర గీతలు! అంటే ప్లేజియోక్లేజ్, సోడియం, కాల్షియం ఉండే రకం ఫెల్డ్‌స్పార్. మొత్తం ఫెల్డ్‌స్పార్‌లో అది 65 శాతం దాటితే గ్రానైట్ అనకుండా, దానికి దగ్గరి రాయైన గ్రానోడయొరైట్ అనాలి. దాటినట్టే ఉంది గానీ కంటి అంచనాతో ఖాయం చేయను.

నల్లదాంట్లో, గ్రానైట్‌కి తప్పనిసరైన క్వార్ట్జ్ గింజ ఒక్కటీ కనబడలేదు. ఉన్నవి ప్లేజియోక్లేజ్, పైరాక్సీన్ అనే ముదురు రంగు ఖనిజం. గింజలు కంటికి ఆనేంత పెద్దవి కాబట్టి ఇది గాబ్రో అనే వేరే రాయి. అమ్మేటప్పుడు బ్లాక్ గ్రానైట్ అంటారంతే.

రాయి నుంచి వెలుగు దూరేంత పల్చటి కోత తీయించి మైక్రోస్కోప్ కింద చూశాక బూడిదదాని సంగతి రాస్తాను.