ఇద్దరూ పైసాపైసా చూసేవాళ్లయితే ఒకే పనిలో పెట్టొచ్చా?

బెజవాడ_ట్యాక్స్:
మా ట్యాక్స్ ఆఫీసులో కొన్నాళ్లుగా ఒక వాదన తెగడం లేదు. ఇక్కడ రకరకాల పనుల్లో ఉన్నవాళ్లు ఉన్నారు కాబట్టి మీ ముందు పెడుతున్నా.

మా దగ్గర ఇద్దరు అసిస్టెంట్లున్నారు. ఇద్దరిదీ ఒకటే స్వభావం. మాట తక్కువ, ప్రతి అంకె ఎక్కణ్ణించి వచ్చిందో తెలిస్తే తప్ప ముందుకు కదలరు. జీఎస్టీ రికన్సిలియేషన్, అంటే బిల్లులు సరిచూసే పని, ఇద్దరికీ కలిపి అప్పగించాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: నెలనెలా రిటర్న్ వేసే సప్లయర్లు 11వ తేదీలోగా జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) వేస్తే, 14న మనకు 2బీ (మన కొనుగోళ్ల మీద దొరికే పన్ను క్రెడిట్ జాబితా) వస్తుంది. అందులోని బిల్లులూ మన కొనుగోలు రిజిస్టరులోని బిల్లులూ సరిచూసుకుని, 20కల్లా 3బీ (పన్ను కట్టే నెలవారీ రిటర్న్) వేయాలి. ఊపిరి సలపని రోజులవి.

పోయిన నెల ఒక హార్డ్‌వేర్ షాపు ఫైల్లో ఏడు రూపాయల తేడా వచ్చింది. ఒకరు బిల్లుబిల్లుకీ దగ్గరి రూపాయికి సవరించి (రౌండ్ చేసి) కూడారు. ఇంకొకరు పైసలతో సహా కూడి చివర్లో సవరించారు. ఎవరి పద్ధతిలో వాళ్ల లెక్క సరిగ్గానే ఉంది. దాని మీదే ఒక పూట గడిచిపోయింది. అదే ఫైల్లో సప్లయర్ 0123 అని ఇచ్చిన బిల్లు నంబరు మన రిజిస్టరులో 123 అని ఎక్కింది. ఎక్సెల్ వాటిని రెండు వేర్వేరు బిల్లులుగా చూసింది. దాంతో పెద్ద మొత్తం క్రెడిట్ 'కలవనివి' జాబితాలోకి వెళ్లి కూర్చుంది. సాయంత్రం దాకా ఇద్దరిలో ఎవరూ ఆ వరుస దగ్గరికే రాలేదు.

మా పార్ట్‌నర్ గారు "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు, విడదీసి ఒక్కొక్కరికీ చకచకా చేసే మనిషిని జతచెయ్యి" అంటున్నారు. నాకు మాత్రం ఈ ఇద్దరినీ కలిపే ఉంచాలని ఉంది. ఇంత శ్రద్ధ ఒకే బల్ల దగ్గర దొరకడం అరుదు. మీరేమంటారు?

మాదాపూర్_డెవ్:
మీ పార్ట్‌నర్ గారితోనే నేను. మా పక్క టీమ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. కోడ్ రాసినవాడూ, రివ్యూ చేసినవాడూ ఇద్దరూ చాలా జాగ్రత్త మనుషులే. వేరియబుల్ పేరు ఎలా ఉండాలి, ఫంక్షన్‌ని రెండుగా విడగొట్టాలా వద్దా అని కామెంట్ కింద కామెంట్. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్నట్టు ఇద్దరూ పట్టు విడవలేదు. అసలు పొరపాటు తేదీలో ఉంది. సర్వర్ టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందు. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 4 గంటలకు వేసిన బిల్లు మార్చి 31 తేదీతో పడుతుంది. అంటే పోయిన ఆర్థిక సంవత్సరంలోకి! దాన్ని టెస్టింగ్‌లో వేరే అమ్మాయి పట్టుకుంది. ఆమె కోడ్ చూడలేదు, బిల్లు చూసింది. ఒకే రకం కళ్లు రెండు జతలున్నా చూపు ఒక్కటే అవుతుంది.

ఎయిర్‌సైడ్:
డెవ్ గారు చెప్పినదానికి విమానాల చరిత్రలో ఘోరమైన ఉదాహరణ ఉంది. 1972 డిసెంబర్ 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 న్యూయార్క్ నుంచి వచ్చి మయామీలో దిగబోతోంది. ముందు చక్రం కిందికి దిగి లాక్ అయిందని చెప్పే చిన్న దీపం వెలగలేదు. విమానాన్ని 2,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్‌కి వదిలి, కాక్‌పిట్‌లో అందరూ ఆ దీపం మీద పడ్డారు. ఎత్తును నిలిపి ఉంచే సెట్టింగ్ మధ్యలో తప్పిపోయింది, విమానం మెల్లగా కిందికి జారుతూనే ఉంది. హెచ్చరిక శబ్దం వచ్చినా ఎవరి చెవినా పడలేదు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో కూలి 101 మంది చనిపోయారు. ఆ దీపం బల్బు మాడిపోయింది, అంతే.

వాళ్లు నిర్లక్ష్యపు మనుషులు కాదు. ఒక చిన్న విషయాన్ని తేల్చకుండా వదలని మనుషులు. అందుకని విమానయానం చేసింది జాగ్రత్తపరులను విడదీయడం కాదు, పని పంచడం. ఇప్పుడు ఒకరు నడుపుతారు, రెండోవారు గమనిస్తారు. ఏ ఇబ్బంది వచ్చినా ముందు విమానాన్ని ఎవరు చూసుకోవాలో తేల్చుకుని, తర్వాతే ఇబ్బంది సంగతి. కాబట్టి నా ఓటు బెజవాడ గారికే, కానీ ఇద్దరూ ఒకే దీపం కేసి చూడకూడదు.

మందులకొట్టు_మరదలు:
మీరందరూ పని గురించి చెప్తున్నారు, నేను మనుషుల గురించి చెప్తాను. మా అక్కా బావా మందుల షాపు నడుపుతారు. ఇద్దరూ ఇలాంటివాళ్లే. ఇలాంటి మనిషికి "ఇది తప్పు" అంటే అంకె గురించి అన్నట్టు వినపడదు, నువ్వు జాగ్రత్తగా చెయ్యలేదు అన్నట్టు వినపడుతుంది. జాగ్రత్తే వాళ్ల పరువు కదా. మా అక్క ఇప్పుడు "ఇది ఎలా వచ్చిందండీ?" అని అడుగుతుంది. బావ లెక్క విప్పి చెప్తూ చెప్తూ తనే పట్టుకుంటాడు, లేదా అక్కకే అర్థమవుతుంది తనది పొరపాటని. ఆ ఒక్క ప్రశ్నతో షాపులో గొడవలు సగం తగ్గాయి. ఎక్స్‌పైరీ తేదీలు ఆయన చూస్తాడు, కంపెనీలకు వాపసు పంపే లెక్క ఆమె చూస్తుంది.

ఓరుగల్లు_మాస్టారు:
లెక్కల మాస్టారిని కాబట్టి నాకు వెంటనే హార్డీ, లిటిల్‌వుడ్ గుర్తొచ్చారు. కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీవాళ్లు. 1913లో మద్రాసు నుంచి రామానుజన్ రాసిన ఉత్తరం అందాక, కూర్చుని అందులోని సూత్రాలు పరిశీలించింది ఈ ఇద్దరే. దాదాపు 35 ఏళ్లు కలిసి పనిచేశారు, దాదాపు వంద పేపర్లు రాశారు. ఇద్దరిదీ గణిత విశ్లేషణే, నిరూపణలో చిన్న సందు కూడా ఒప్పుకోని వాళ్లే.

వాళ్లు పెట్టుకున్న నాలుగు నియమాలను హారాల్డ్ బోర్ అనే డెన్మార్క్ గణితవేత్త చెప్పాడు. ఒకరు రెండోవారికి రాసింది తప్పా ఒప్పా అన్నది పట్టింపు లేదు. ఉత్తరం వస్తే జవాబివ్వాలని లేదు, అసలు చదవాలనే లేదు. ఇద్దరూ ఒకే చిన్న విషయం మీద ఆలోచించినా ఫర్వాలేదు గానీ, ఆలోచించకపోతేనే మేలు. పేపర్లో ఒకరి వాటా ఏమీ లేకపోయినా ఇద్దరి పేరూ ఉంటుంది.

మొదటిది చూడండి. ఇంత కచ్చితమైన మనుషులు తప్పు రాసుకోవడానికి ఒకరికొకరు అనుమతి ఇచ్చుకున్నారు! చిత్తుప్రతి దశలో తప్పులు ఎంచకపోతేనే రెండోవాడు సగం ఆలోచన అయినా బయటపెడతాడు. చివరి ప్రతి ఎక్కువగా హార్డీయే రాసేవాడు, కచ్చితత్వం అంతా అక్కడ వచ్చేది. 1919లో హార్డీ ఆక్స్‌ఫర్డ్ వెళ్లి 1931లో తిరిగొచ్చాడు, మధ్యలో జోడీ ఆగలేదు.

మేకర్_చెకర్:
మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే అంటున్నా, ఆ నియమాలు మా బ్యాంకుకు తెస్తే కొంప మునుగుతుంది. మా దగ్గర ఎంట్రీ వేసిన మనిషి (మేకర్) ఆ ఎంట్రీని పాస్ చేయలేడు, రెండోవారు (చెకర్) పాస్ చేయాలి. 'ఒకే విషయం ఇద్దరూ చూడకపోతే మేలు' అంటే మేము ఒప్పుకోం. ఇద్దరూ చూడాలి, అదే మా భద్రత. అకౌంట్ నంబర్లో ఒక్క అంకె మారితే డబ్బు వేరేవాళ్లకు పోతుంది.

అయితే ఎలా చూడాలన్నది ముఖ్యం. మంచి చెకర్ స్క్రీన్ మీద మేకర్ కొట్టిన అంకె ముందు చూడడు. ముందు వోచర్ చేతిలోకి తీసుకుని చదువుతాడు, తర్వాత స్క్రీన్ కేసి చూస్తాడు. ముందే స్క్రీన్ చూస్తే కన్ను అదే అంకెను వోచర్లో కూడా చదివేస్తుంది. నమ్మకమైన సహోద్యోగి కొట్టాడంటే మరీను. జాగ్రత్తపరులిద్దరి మధ్య అసలు ప్రమాదం గొడవ కాదండీ, 'ఆయన చూశాడుగా' అనే నమ్మకం.

ఓరుగల్లు_మాస్టారు:
ఒప్పుకుంటున్నా. నిరూపణను ప్రపంచమంతా మళ్లీ చదువుతుంది, మీ వోచర్‌ను మీ తర్వాత చదివేవాళ్లు లేరు. కొత్తది వెతికే పనికి హార్డీ పద్ధతి, పోతే తిరిగిరాని దానికి మీ పద్ధతి.

మాదాపూర్_డెవ్:
మేకర్_చెకర్ గారి చివరి వాక్యం నా మనసు కొంత మార్చింది. మా పక్క టీమ్‌లో కూడా ఇద్దరూ తేదీ సంగతి రెండోవాడు చూసే ఉంటాడనుకున్నారు. అయినా ఒక మాట. మీ ఇద్దరు అసిస్టెంట్లకూ 'ఏది చిన్నది' అని ఎవరు చెప్పాలి? వాళ్లంతట వాళ్లు ఏదీ చిన్నదని ఒప్పుకోరు.

బెజవాడ_ట్యాక్స్:
దానికి జవాబు మా వృత్తిలోనే ఉంది డెవ్ గారూ. ఆడిట్ ప్రమాణాల్లో ఎస్ఏ 320 అని ఒకటి ఉంది, మెటీరియాలిటీ గురించి. ఎంత తేడా వస్తే లెక్కలు చదివేవాడి నిర్ణయం మారుతుందో ఆడిట్ ప్లాన్ చేసేటప్పుడే నిర్ణయించుకోవాలి. తేడా కనపడ్డాక నిర్ణయించుకుందామంటే ఎవరి తేడా వాళ్లకు పెద్దదిగానే కనపడుతుంది. జీఎస్టీ చట్టం సెక్షన్ 170 కూడా పన్నును దగ్గరి రూపాయికి సవరించమంటుంది, 50 పైసలు, ఆపైన ఉంటే పైకి, తక్కువైతే వదిలేయమంటుంది. చట్టమే పైసలను వదిలేస్తుంటే మేం దానికి పూట ధారపోయడం తగదు.

కాబట్టి విడదీయడం లేదు. 14న 2బీ దింపే ముందే ఫైలు మొదటి పేజీలో మూడు విషయాలు రాస్తారు: సవరింపు ఏ దశలో, ఎంత లోపు తేడాను పట్టించుకోకూడదు, ఎవరు ఏది చూస్తారు. ఒకరు 2బీ వైపు నుంచి వస్తారు, ఇంకొకరు రిజిస్టరు వైపు నుంచి. 'కలవనివి' జాబితాను పెద్ద మొత్తం నుంచి చిన్నదానికి పేర్చి పైనుంచే మొదలుపెడతారు. ఇద్దరూ చూడాల్సినవి జీఎస్‌టీఐఎన్ (సప్లయర్ జీఎస్టీ నంబరు), క్రెడిట్ మొత్తం, ఈ రెండే. అవి మాత్రం అసలు బిల్లు చేతిలో పెట్టుకునే చూడాలి.

మేకర్_చెకర్:
బాగుంది. మరి ఇద్దరికీ పొసగకపోతే? 19న రాత్రి?

బెజవాడ_ట్యాక్స్:
ఆ క్లయింట్ ఫైలు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల మాట చెల్లుతుంది. రెండోవాళ్ల అభ్యంతరం అదే పేజీలో ఒక్క లైను రాసి పెడతారు, నేను 21న చదువుతాను. సగం ఫైళ్లు ఆమె పేరు మీద, సగం అతని పేరు మీద రేపే రాసేస్తున్నా. పార్ట్‌నర్ గారు ఇంకా తల ఊపలేదు, రెండు నెలలు చూద్దామన్నారు.