వీడియో ఇంటర్వ్యూకి పాడ్‌కాస్ట్ అవార్డు ఇవ్వొచ్చా?

లక్డీకాపూల్ శ్రోత
మొన్న మా కాలేజీ పూర్వ విద్యార్థులు పెట్టిన పాడ్‌కాస్ట్ పోటీకి నేనూ ఒక జడ్జిని. మొదటి బహుమతి రెండు గంటల వీడియో ఇంటర్వ్యూకి వెళ్లింది. మిగతా ఇద్దరు జడ్జీలు వ్యూస్ చూసి మార్కులు వేశారు. నాకు మింగుడుపడలేదు.

వెనకబడిపోయింది 12 నిమిషాల కార్యక్రమం. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే పెద్దాయన గురించి. బొగ్గుల చిటచిట, మెత్తబడిన లక్కను దొర్లిస్తున్న చప్పుడు, బయట బేరాలు. రాయి అద్దేటప్పుడు ఆయన మాట ఆపేస్తాడు. ఎడిట్ చేసిన అమ్మాయి ఆ నిశ్శబ్దాన్ని కత్తిరించలేదు. ఊపిరి బిగబట్టి విన్నాను. చెవికి ఇచ్చే బహుమతి ఇలాంటి పనికే రావాలి.

కూకట్‌పల్లి కుర్రాడు
అన్నా, జనం ఏది వింటే అదే పాడ్‌కాస్ట్. మా నాన్న ఆ ఇంటర్వ్యూలన్నీ కారు నడుపుతూ వింటాడు, స్క్రీన్ వైపు చూడనే చూడడు. వాటిని తీసేస్తే తెలుగులో పోటీకి ఎన్ని మిగులుతాయి?

లక్డీకాపూల్ శ్రోత
తక్కువే మిగులుతాయి తమ్ముడూ, నిజమే. బహుమతి రాకపోతే ఆ కొన్ని కూడా ఆగిపోతాయి, నా బాధ అదే. అమెరికాలో పీబాడీ అవార్డులు 1941లో రేడియో కార్యక్రమాలతోనే మొదలయ్యాయి. 2014లో వచ్చిన ‘సీరియల్’ ఆ అవార్డు అందుకున్న మొదటి పాడ్‌కాస్ట్. 1999లో బాల్టిమోర్‌లో జరిగిన ఒక హత్య కేసును వారం వారం గొంతులతోనే నడిపారు. జర్నలిజానికి పులిట్జర్ బహుమతులిచ్చే వాళ్లయితే 2020లో ఆడియో రిపోర్టింగ్‌కి విడిగా ఒక విభాగమే పెట్టారు. మనమూ విడిగా పెడితే ఏం పోతుంది?

జహీరాబాద్ ఆడపడుచు
వ్యూస్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. మా దగ్గర మాచనూరులో సంగం రేడియో ఉంది. 2008 నుంచి దళిత మహిళలే నడుపుతున్నారు. వినిపించేది చుట్టుపక్కల ఊళ్లకే. విత్తనాలు, పంటలు, పాటలు, అన్నీ మా యాసలోనే. వ్యూస్ లెక్కపెడితే వాళ్లకి బహుమతి ఏ జన్మకి వస్తుంది?

కూకట్‌పల్లి కుర్రాడు
అక్కా, ఆ మాట ఒప్పుకుంటా, వ్యూస్‌కి మార్కులు వద్దు. ఇంటర్వ్యూలను గేటు బయట నిలబెట్టడం మాత్రం ఒప్పుకోను. ఎదుటి మనిషి మనసు విప్పేలా ప్రశ్న అడగడమూ పనే కదా.

లక్డీకాపూల్ శ్రోత
పనే, కాదనను. ఆ గాజుల ఆడియో పంపిస్తున్నా. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను, రేపు మాట్లాడుకుందాం.