అగ్నిపర్వతమే లేని చోట లావా రాయి ఎక్కడిది? పిల్లలకి ఎలా చెప్పారు?

గోదారిగట్టు:
మొన్న రాజమండ్రి దగ్గర పంగిడి మీదుగా వస్తుంటే రోడ్డు పక్క కంకర కుప్పలోంచి మా పాప ఓ నల్లరాయి ఏరుకుంది. తొమ్మిదేళ్లు దానికి. అది లావా గడ్డకట్టిన బసాల్ట్ అని గొప్పగా చెప్పాను. "మరి అగ్నిపర్వతం ఏది నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

వికారాబాద్ టీచర్:
అగ్నిపర్వతం అనగానే పిల్లలు మొన తేలిన కొండే గీస్తారండి. దక్కన్‌లో జరిగింది వేరు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల బారుగా చీలి, లావా పొంగి పారింది. ఒకటి చల్లారాక దాని మీద ఇంకోటి. మా క్లాసులో దోసెల దొంతర అంటాను. పడమటి కనుమల్లో ఆ దొంతర 2 కిలోమీటర్లు దాటుతుంది, మా వైపుకొచ్చేసరికి పల్చబడింది. మీ రాజమండ్రి రాయి కూడా పాత నదీలోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు పారి వచ్చిన లావాయేనని చాలామంది శాస్త్రవేత్తల మాట.

పాకం పట్టేశా:
వంటసోడాలో వెనిగర్ పోసే ప్రయోగం మేమూ చేశాం. నురగా గోలా తప్ప రాయి సంగతి తేలలేదు. తర్వాత పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టి, పంచదార కరిగించి స్టీలు పళ్లెంలో పోశాను. నెయ్యి రాయడం మర్చిపోయా, పళ్లెం మీద ఆశ వదులుకున్నా. పాకం మాత్రం గాజుపెంకులా బిగిసింది, ఒక్క పలుకు (స్ఫటికం) లేదు. పక్కన పటికబెల్లం ముక్క పెట్టి చూపించా. పాకం టక్కున గడ్డకట్టింది, పటికబెల్లం నిదానంగా.

రాళ్లపిచ్చి:
అక్కా, పోలిక బాగుంది కానీ పటికబెల్లం నీళ్లలో కరిగిన పంచదారలోంచి వస్తుంది, బసాల్ట్‌కి ఆ నీళ్ల కథ లేదు. నిదానిస్తే పలుకు పెరుగుతుంది అన్నంతవరకే వాడండి. నేనైతే రెండు రాళ్లు చేతికిస్తా. హైదరాబాద్ గ్రానైట్‌లో గులాబీ, బూడిద, నలుపు పలుకులు విడివిడిగా కనిపిస్తాయి. అది భూమి లోపల లక్షల ఏళ్లు చల్లారింది. బసాల్ట్ దాదాపు 1100 డిగ్రీల వేడితో బయటపడి త్వరగా గడ్డకట్టింది, పలుకులు ఎదిగే టైమే లేదు. భూతద్దం పెట్టినా సరిగ్గా కనబడవు.

గోదారిగట్టు గారూ, మీ రాయికి చిల్లులున్నాయా?

గోదారిగట్టు:
ఉన్నాయి! ఒకటి చిటికెనవేలి గోరంత. లోపల తెల్లగా ఏదో మెరుస్తోంది.

రాళ్లపిచ్చి:
లావాలోని గ్యాస్ బుడగలు పుల్లట్టు మీద చిల్లుల్లా మిగిలిపోతాయి. తర్వాత ఎప్పుడో నీళ్లు ఊరి ఖనిజాలు పేరుకుంటాయి. ఆ తెలుపు అదే.

పత్తిచేను, ఆదిలాబాద్:
మా నల్లరేగడి కూడా చాలావరకు ఆ రాయి చివికి అయిందే. ఎండాకాలం నెర్రెల్లో చెయ్యి పడుతుంది.

గోదారిగట్టు:
అందరికీ థ్యాంక్స్. చిల్లు సంగతి చెప్తే మా పాప, "పుచ్చుపన్నుకి డాక్టర్ సిమెంట్ పెట్టినట్టా?" అంది. ఇప్పుడు ఆ రాయి మా ఫ్రిజ్ మీద ఉంది, దుమ్ము తుడవడానికి కూడా ఎవర్నీ ముట్టనివ్వట్లేదు.