అప్‌డేట్: పొద్దున్నే పిల్లాడికి గుడ్డు, పాలు కలిపి పెట్టొచ్చా?

అడిగింది నేనే. గుడ్డు తిన్నాక పాలు తాగితే బొల్లి వస్తుందని అత్తయ్య పట్టుబట్టారని రాశాను కదా, పిల్లల డాక్టర్‌ని అడిగొచ్చాం. బొల్లికీ దీనికీ సంబంధమే లేదట. మన రోగనిరోధక వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలను దెబ్బతీస్తే వచ్చేది అది. గుడ్డు, పాలు కలవకుండా కస్టర్డ్ ఎలా అవుతుందని ఆయనే నవ్వారు. అరటిపండు కూడా పెట్టుకోవచ్చన్నారు. కాకపోతే గుడ్డు గట్టిగా ఉడకాలి, హాఫ్‌బాయిల్ వద్దు, సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం.

మరి వాడికి వస్తున్న కడుపుబ్బరం సంగతి? అది పాల వల్లేనేమో, పాలలో ఉండే చక్కెర, అదే లాక్టోస్, పడట్లేదేమో చూడమన్నారు. పాలు ఆపి పెరుగు పెడుతున్నాం. పెరుగులో లాక్టోస్ కొంత తగ్గుతుంది కదా. ఇప్పుడు గుడ్డు తిని మరీ హాయిగా స్కూలుకెళ్తున్నాడు.

అసలు తంటా అత్తయ్య దగ్గరే బయటపడింది. ఆవిడ రోజూ ఐరన్ మాత్ర టీతో వేసుకుంటారు! టీలోని టానిన్లు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవట. మాత్ర నిమ్మరసంతో వేసుకుని, టీ కనీసం గంట ఆగి తాగమన్నారు. గుడ్డు సంగతి ఒప్పుకున్నారు గానీ, టీ దగ్గర మాత్రం ఇంకా బేరాలే.