పిల్లల ఫోన్‌లో ఏ సెట్టింగులు నిలబడతాయి? బెదిరింపు వస్తే ముందు ఏం చెయ్యాలి?

మెట్టవాకిలి:
11–15 ఏళ్ల పిల్లల తల్లిదండ్రులకి ఒక పూట శిక్షణ ఇవ్వాలండి. ఉపదేశాలు వద్దు, ఇంటికెళ్లి ఆ రాత్రే చేసుకోగలిగేవి కావాలి. ఏది పనిచేస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో రాయండి.

తీగలాగు:
డీఎన్‌ఎస్ అంటే సైటు పేరుని అంకెల చిరునామాగా మార్చే సేవ. రూటర్ సెట్టింగుల్లోని డీఎన్‌ఎస్ గడుల్లో 1.1.1.3, 1.0.0.3 పెట్టమనండి. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఉచిత ఫిల్టర్ అది, వైరస్ సైట్లనీ అశ్లీల సైట్లనీ ఆపుతుంది. 1.1.1.2 పెడితే ఆగేవి వైరస్ సైట్లు మాత్రమే, ఇక్కడ పొరబడేవాళ్లు ఎక్కువ. పెట్టినా ఆగట్లేదంటే మూడు చూడాలి: ఐపీవీ6 (కొత్తరకం ఇంటర్నెట్ చిరునామా) గడులు పాతవే ఉన్నాయా, బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ వేరే సంస్థకి పెట్టి ఉందా, వీపీఎన్ యాప్ (ఇంటర్నెట్‌ని వేరే దారిలో పంపేది) ఉందా. మొబైల్ డేటాకి మారితే రూటర్ ఊసే ఉండదు. దానికి ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ మార్చాలి. అక్కడ అంకెలు తీసుకోదు, హోస్ట్ పేరే (అక్షరాల్లో ఉండే సర్వర్ పేరు) ఇవ్వాలి.

నీలిసిరా:
తీగలాగు గారు చెప్పింది సైట్ల వరకే. చాట్‌లో ఎవరు పలకరిస్తున్నారో డీఎన్‌ఎస్‌కి తెలియదు, అసలు ముప్పు అటునుంచే. నన్నడిగితే మొట్టమొదట చూడాల్సింది ఖాతాలో పుట్టిన సంవత్సరం. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో టీన్ ఖాతాలు తెచ్చింది. ఖాతా దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజ్‌లు రావు, 16 లోపువాళ్లు వాటిని సడలించాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. కానీ చేరేటప్పుడే సంవత్సరం వెనక్కి జరిపి ఉంటే ఆ రక్షణ వర్తించకపోవచ్చు.

వాట్సాప్ సెట్టింగుల్లో ప్రైవసీ, అందులో గ్రూప్స్, అక్కడ "మై కాంటాక్ట్స్" పెడితే కాంటాక్ట్స్‌లో లేనివాళ్లు నేరుగా గ్రూపులో చేర్చలేరు. అర నిమిషం పని.

ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ (వాడకానికి హద్దులు పెట్టే సెట్టింగు) కోడ్ పెట్టేటప్పుడు, మర్చిపోతే తిరిగి తెరవడానికి ఒక యాపిల్ ఖాతా అడుగుతుంది. పిల్లల ఖాతా ఇచ్చారో, వాళ్లే కోడ్ మార్చేసుకుంటారు.

మెట్టవాకిలి:
ఇవన్నీ దాటి, ఎవరైనా పిల్లల చేత నగ్న ఫొటో పంపించుకుని డబ్బు కోసం బెదిరిస్తుంటే?

కందిరీగ:
శిక్షణలో సగం సమయం దీనికే పెట్టండి. వాళ్ల పద్ధతి దాదాపు ఒకటే: ఈడువాళ్లలా ప్రొఫైల్, తొందరగా వేరే యాప్‌కి రమ్మనడం, ముందు తామే ఒక ఫొటో పంపడం, తర్వాత అడగడం. ఫొటో చేతికి చిక్కగానే ఫాలోయర్ల జాబితా స్క్రీన్‌షాట్ చూపించి "వీళ్లందరికీ పంపుతా" అంటారు.

డబ్బు ఇవ్వొద్దు. ఇస్తే మళ్లీ అడుగుతారు. జవాబు ఆపెయ్యండి, కానీ చాట్ గానీ ఖాతా గానీ చెరిపెయ్యొద్దు. కంగారులో అందరూ ముందు చేసేది అదే, దాంతో ఆధారం పోతుంది. బెదిరింపు మాటలు, తేదీ, సమయం, డబ్బు పంపమన్న వివరాలు స్క్రీన్‌షాట్ తియ్యాలి. పైన కనిపించే పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు రాసుకోవాలి. ఆ తర్వాత యాప్‌లో రిపోర్ట్, చివర్న బ్లాక్, వెంటనే పోలీసులకి ఫిర్యాదు.

నీలిసిరా:
ఒక జాగ్రత్త కలుపుతాను. స్క్రీన్‌షాట్ బెదిరింపుకి, పిల్లల ఫొటోకి కాదు. సాక్ష్యం అనుకుని ఆ ఫొటోని చుట్టాలకో టీచరుకో పంపడం చాలా దేశాల్లో నేరం, పంపినవాళ్లు కన్నవాళ్లైనా సరే.

తీగలాగు:
ఫొటో పాకకుండా ఆపడానికి "టేక్ ఇట్ డౌన్" ఉంది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ నడిపే ఉచిత సేవ, 18 నిండకముందు తీసిన ఫొటోలకి, పేరు చెప్పనక్కర్లేదు. ఫొటో అప్‌లోడ్ కాదు. మన ఫోన్‌లోనే దాని వేలిముద్ర లాంటి హ్యాష్ తయారై అది మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన సంస్థలు తమ దగ్గర అది కనిపిస్తే తీసేస్తాయి. కత్తిరించిన, దిద్దిన ఫొటోకి హ్యాష్ మారొచ్చు, అందుకే ప్రతి కాపీకీ విడిగా ఇవ్వాలి. ఎన్‌క్రిప్ట్ అయిన ప్రైవేట్ చాట్లలో పనిచెయ్యదు. 18 దాటాక తీసినవైతే "స్టాప్ ఎన్‌సీఐఐ" అనే ఇలాంటి సేవే ఉంది.

అద్దాలమేడ:
ఇవన్నీ పిల్లలు వచ్చి చెబితేనే కదండీ. చెబితే ఫోన్ లాక్కుంటారన్న భయమే బెదిరించేవాడి పెట్టుబడి. శిక్షణలో తల్లిదండ్రుల చేత ఈ మాట పైకి అనిపించండి: "ఏం పంపినా సరే, నాతో చెబితే ఫోన్ తీసుకోను, తిట్టను." కొంతమందికి రెండోసారి గానీ నోరు పెగలదు, ఆగండి. పిల్లలకీ ఒక వాక్యం ముందే ఇవ్వాలి, "ఒకడు నన్ను బెదిరిస్తున్నాడు, ఇప్పుడే సాయం కావాలి" అని. మొత్తం కథ చెప్పాలంటే గొంతు దగ్గరే ఆగిపోతుంది.

మెట్టవాకిలి:
అయితే ఈ మాటతోనే మొదలుపెట్టి, రూటర్ సంగతి ఒక కాగితం మీద ఇచ్చి పంపేస్తాను.