బావగారికి మొదట ఏ ఏల్ బీరు రుచి చూపించాలి?

నమస్కారం. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ఏల్ బీర్ల (లాగర్ కంటే వెచ్చగా పులియబెట్టే సంప్రదాయ బీర్ల) గురించి తెలిసినవారు సలహా ఇవ్వగలరని ఆశిస్తున్నాను. హైదరాబాద్ నుంచి మా బావగారు వచ్చే నెలలో లీడ్స్‌లోని మా ఇంటికి వస్తున్నారు. ఆయనను కీత్లీ పట్టణానికి తీసుకువెళ్లి, 1858లో మొదలై నేటికీ కుటుంబ సంస్థగానే నడుస్తున్న టిమొథీ టేలర్ వారి ఏల్ బీర్లను అక్కడి పబ్బులో రుచి చూపించాలనుకుంటున్నాను.

చిక్కల్లా ఆయన అలవాటుతోనే. సీసాకు చెమట పట్టేంత చల్లగా, గ్లాసులో నురగ పొంగుతూ ఉంటే తప్ప ఆయన దాన్ని బీరుగా ఒప్పుకోరు. ఆ సంస్థకు చెందిన నౌల్ స్ప్రింగ్ అనే ఊట నీటితో తయారై, పీపాలోనే చివరిదశ పులియడం ముగించుకొని, నేలమాళిగలోని సుమారు 12 డిగ్రీల చల్లదనంతోనే చేతిపంపు గుండా గ్లాసులోకి వచ్చే 4.3 శాతం ఆల్కహాల్ ఉండే వారి ‘ల్యాండ్‌లార్డ్’ ఏల్‌ను అందిస్తే, చప్పబడిపోయిందని పక్కకు నెట్టేస్తారేమో. అది నాలుగుసార్లు బ్రిటన్ ఛాంపియన్ బీరుగా ఎంపికైందని చెప్పినా మొహమాటపడే మనిషి కాదు.

అందువల్ల 3.5 శాతమే ఉండే తేలికైన గోల్డెన్ బెస్ట్‌తో మొదలుపెట్టడం మంచిదా, లేక 2014లో అదే బిరుదు గెలిచిన బోల్ట్‌మేకర్‌తోనా? ల్యాండ్‌లార్డ్‌కే మాడ్చిన చక్కెర పాకం చేర్చి చేసే ల్యాండ్‌లార్డ్ డార్క్‌లో రుచి తేడా నిజంగా తెలుస్తుందా, లేక రంగే మారుతుందా? గోల్డెన్ బెస్ట్, బోల్ట్‌మేకర్, ల్యాండ్‌లార్డ్ డార్క్ మూడింటినీ అరపింటు (సుమారు 284 మి.లీ.) చొప్పున తీసుకుంటే ఏ వరుసలో తాగాలి? తిరుగు ప్రయాణంలో ఆయనకు ఇవ్వడానికి సీసాలు కొంటే, వాటి రుచి పీపా నుంచి పట్టినదానికి ఎంత దగ్గరగా ఉంటుందో కూడా తాగి చూసినవారు దయచేసి తెలియజేయగలరు.